విరిగిన తోఫూ

టోక్యో
1967 అక్టోబరు 9

పిన్నికి,

కనజావాలో ఈపాటికి పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తూ ఉంటుంది. ఇక్కడ చలి ఇంకా రాలేదు. కిటికీ కింద కీచురాళ్లు అరుస్తున్నాయి. ఈ వీధిలో నాకు తెలిసిన గొంతులు ఇంకా అవే.

జవాబు ఆలస్యమైందని కోప్పడకు. యుద్ధంలో మా ఊరు తొయామా కాలిపోయాక మిగిలిన నన్ను నువ్వు వీపున కట్టుకుని తెచ్చుకున్నావు. అప్పటి నుంచి నేను పుస్తకం పట్టింది తక్కువ, సూది పట్టింది ఎక్కువ. ఉత్తరం కూడా కుట్టినట్టే రాస్తాను. నచ్చకపోతే విప్పి మళ్లీ మొదలుపెడతాను.

మేం బాగానే ఉన్నాం. రోజూ తోఫూ తింటున్నాం. అదీ విరిగిన తోఫూ. ఎందుకో చెబితే నవ్వుతావు.

మా ఆయన పని చేసే విశ్వవిద్యాలయంలో ఇనపచెయ్యి ఒకటి చేస్తున్నారు. అయిదు వేళ్లు, మణికట్టు, అక్కడి నుంచి బల్లకి బిగించేశారు. సన్నని ఉక్కుతీగలు లాగితే వేళ్లు ముడుచుకుంటాయి. ఆ వేళ్ల కణుపులన్నీ ఆయన లేత్ మిషను మీద తిప్పినవే. అది తోఫూ ముక్కని విరగకుండా ఎత్తి పక్క పళ్లెంలో పెట్టాలి. అంతే పని. ఇంతవరకూ ఒక్కసారీ కాలేదు. రోజూ విరుగుతుంది. విరిగింది పారెయ్యడం పాపమని ఆయన గిన్నెలో వేసుకుని ఇంటికి తెస్తాడు. నేను మిసో చారులో వేస్తాను.

"గుడ్డు పట్టించొచ్చు కదా?" అని అడిగాను.

"గుడ్డుకి పెంకు ఉంది. తోఫూకి సిగ్గు తప్ప ఇంకేం లేదు అంటాడు మా ప్రొఫెసరు" అన్నాడాయన.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తోఫూ మీద జాలిగా ఉంది.

ఆ ప్రొఫెసరు పేరు కుసానో. పొడుగ్గా, గొడుగు మడిచినట్టుంటాడు. మా ఆవిడ తోఫూని అరచేతిలో పెట్టుకుని కత్తితో కోస్తుందని మా ఆయన అక్కడ అన్నాడట. ఆడవాళ్లందరూ అలాగే కోస్తారు కదండీ అని కూడా అన్నాడట. "మా ఇంట్లో ఎలా కోస్తారో నేనెప్పుడూ చూడలేదయ్యా, ఆవిణ్ణి ఒకసారి రమ్మను" అన్నాడట ప్రొఫెసరు.

వెళ్లాను పిన్నీ. గదినిండా మగవాళ్లు. తల ఎత్తలేదు. కెమెరా తెచ్చేసరికి నేను చేటలాగా చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. "ముఖం వద్దమ్మా, ఆ చెయ్యి చాలు" అన్నాడు కుసానో గారు. అప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముఖం అక్కర్లేదంటే ఎంత హాయిగా ఉందో! అరచేతిలో తోఫూ పెట్టుకున్నాను. కత్తి లాగకుండా కిందికి మాత్రమే దించాను, నువ్వు నేర్పినట్టే.

ఇలాంటి చేతులు ముందు ముందు మంచాన పడ్డవాళ్లని లేవదీస్తాయని, నిప్పులోకి వెళ్లి పిల్లల్ని తెస్తాయని, ముసలివాళ్లకి అన్నం తినిపిస్తాయని కుసానో గారు చెప్పాడు. ఆ రోజు నాకు కల వచ్చింది. మంచు మీద చేతులు నడిచి వస్తున్నాయి, వేళ్ల మీద, కొంగల్లాగా. ఒక్క గుర్తు కూడా పడటం లేదు మంచులో. అవి వచ్చి మన పెరట్లో ఆరిన బట్టలన్నీ తీసి మడతపెట్టాయి.

నీ చెయ్యి ఆడినన్నాళ్లూ నువ్వు, ఆ తరవాత మన కుట్టు నేర్పే బడి నాది. పెళ్లినాడు ఇచ్చిన ఈ మాట మరిచిపోలేదు. నీ చెయ్యి ఇంకా ఎన్నో ఏళ్లు ఆడుతుంది కాబట్టే ధైర్యంగా ఇక్కడున్నాను.

నీ సుజు


కనజావా
1967 అక్టోబరు 23

ఒసే సుజూ,

ఉత్తరం అందింది. మూడుసార్లు విప్పి కుట్టినట్టే ఉంది, అతుకులు కనిపిస్తున్నాయి. పర్వాలేదు, గుడ్డ గట్టిదే.

అంత పెద్దచదువుల చోటికి మీ ఆయన తోఫూ విరగ్గొట్టడానికి వెళ్తున్నాడా? మన పిల్లి ఆ పని ఉత్తినే చేస్తుంది. బుట్టలో పెట్టి పంపనా? తన ఇంట్లో భార్య తోఫూ ఎలా కోస్తుందో చూడని ఆ ప్రొఫెసరు లోకానికి చేతులు చేస్తాడట! ముందు వంటింట్లోకి వెళ్లి చూడమను.

నలుగురు మగవాళ్ల ముందు చెయ్యి చాపి నిలబడ్డావా? నా కిమోనో అంచు పట్టుకుని తోఫూ బండివాడికి కూడా మొహం చూపించని పిల్లవి. ఏమో, ఊరు మారితే సిగ్గు కూడా రైలెక్కుతుంది కాబోలు.

మన బడిపిల్లల్లో పెద్దది మిత్సు తొలిసారి పూర్తి కిమోనో కుట్టింది. మెడపట్టీ దగ్గర కాస్త వంకర. నేను ఏమీ అనలేదు. అనలేదని అది భయపడి ఏడ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను. నా కుడిచెయ్యి వణుకుతోంది. చలి అనుకుందామంటే వేసవిలో మొదలైంది. సూది గుడ్డ దగ్గరికి వెళ్లేదాకా బాగానే ఉంటుంది, తీరా ఆనబోయేసరికి మొదలవుతుంది. వైద్యుడు వయసన్నాడు. ఆయనకు నాకంటే వయసెక్కువ, ఆయన చెయ్యి వణకదు. కళ్లు మసకగా ఉన్నాయని పిల్లలకి అబద్ధం చెప్పాను. దారం మిత్సు ఎక్కిస్తోంది. కుట్టి చూపించమంటే, చూసి నేర్చుకునే రోజులు పోయాయి, విని నేర్చుకోండి అంటున్నాను. ఎన్నాళ్లు వింటారు?

కొత్త సంవత్సరం దాటాక వచ్చెయ్. అల్లుణ్ణీ తీసుకురా, ఇక్కడా లేత్ మిషన్లున్నాయి. లేకపోతే బడి మూసెయ్యాలి. మా అమ్మ చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది అది. నీ చేతిలోకి వెళ్లకుండా ఆగిపోతే నేను పైకి వెళ్లి ఆవిడకి ఏం చెప్పను?

కాగితం మీద అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

మీ పిన్ని తొమె


టోక్యో
1967 నవంబరు 12

పిన్నీ,

నీ ఉత్తరం చదివిన రోజు అన్నం మాడ్చాను. అక్షరాలు చూశాను. గాలికి పడిపోయిన గడ్డిలా ఒక పక్కకి వాలి ఉన్నాయి. వేలితో వాటిని లేపబోయాను కూడా.

రమ్మన్న సంగతి ఆయనకి చెప్పాను. మామూలు కంటే ఎక్కువ అన్నం తిన్నాడు. మాట రానప్పుడు ఆయన తింటాడు. గిన్నె కింద పెట్టి, "మార్చిలో సర్కారు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. అప్పటికి తోఫూ లేవకపోతే కుసానో గారి గది వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. ఈ చెయ్యి ఒక దారికొచ్చేదాకా ఆగమని పిన్నిగారితో చెప్పవా?" అన్నాడు. అందుకని ఇప్పుడే చేతిని వదిలి రాలేము పిన్నీ.

కానీ నాకొక ఆలోచన వచ్చింది. రాస్తే బాగుంటుందో లేదో తెలియదు. ఈ మధ్య వాళ్లు నన్ను వారానికోసారి పిలుస్తున్నారు. నా వేళ్లకి మెత్తటి దారాలు కట్టి, సూది పట్టమంటారు, తడిగుడ్డ పిండమంటారు, చేప ముల్లు తియ్యమంటారు. వేలు ఎంత వంగిందో ఒక పెన్ను దానంతటదే కాగితం మీద గీస్తుంది. ఆ గీతలు ఎంత బాగుంటాయో! నేను కుట్టిన వరసలాగే ఉంటాయి, చిన్న చిన్న అలలు. ఈ అలలే రేపు ఇనపచేతికి చదువు అని కుసానో గారు అన్నాడు. అంటే నువ్వు నాకు నేర్పింది అది నేర్చుకుంటుంది.

అది నేర్చుకున్నాక నీ దగ్గరికి పంపమని అడుగుతాను. అది అలిసిపోదు. దానికి వయసు రాదు. నీకు బదులు పిల్లల ముందు సూది పట్టి చూపిస్తుంది. నువ్వు పక్కన కూర్చుని చెబితే చాలు. మేం ఇక్కడే ఉన్నా నీకు ఏ లోటూ ఉండదు.

నిన్న కలలో నువ్వు, ఆ చెయ్యి పక్కపక్కన కూర్చుని ఒకే గుడ్డకి రెండు చివర్ల నుంచి కుట్టుకుంటూ వస్తున్నారు. మధ్యలో కలుసుకునే లోపు తెలివి వచ్చింది.

ఖర్జూరంలా ఎండబెట్టిన పెర్సిమన్ పళ్లు పంపుతున్నాను. ఇంటావిడ కానె గారు చూరుకి వేలాడదీసి ఎండబెట్టినవి.

నీ సుజు


కనజావా
1967 నవంబరు 25

శ్రీమతి నొజాకి సుజు గారికి,

మీరు పంపిన ఉత్తరమూ పళ్లూ అందాయి. పళ్లు పక్కింటి పిల్లలకి పంచాము.

తమరికి తీరిక లేదని తెలిసింది. బల్లకి బిగించిన చేతిని వదిలి రాలేరన్నమాట. బల్లకి బిగించని చెయ్యి ఒకటి ఇక్కడ ఉంది, దాన్ని వదిలి వెళ్లడానికి మాత్రం ఒక్క పూట పట్టింది.

మీకు బదులు ఇనుము పంపిస్తామని రాశారు. దానికి వయసు రాదన్నారు. నాకు వచ్చింది కదా, గుర్తు చేసినందుకు సంతోషం. పిల్లల ముందు దాన్ని కూర్చోబెట్టి నేను పక్కన కూర్చుని మాట్లాడాలా? సంతలో కోతిని ఆడించేవాడిలాగా?

మీ వేళ్లకి దారాలు కట్టి గీతలు గీయించుకున్నారట. ఆ చెయ్యి మీది కాదమ్మా. మా అమ్మది. నేను మీకు ఇచ్చాను. ఎవరికి పడితే వాళ్లకి అందించడానికి అది టీ గిన్నె కాదు. రేపు అలాంటివి వందల కొద్దీ చేసి బట్టల మిల్లుల్లో పెడతారు. అప్పుడు మిత్సు లాంటివాళ్లు ఏం చేస్తారు? ఆ అలలు చూసుకుంటూ కూర్చుంటారా?

ఈ ఏడాది చివర బడి మూసేస్తున్నాను. డిసెంబరు ఎనిమిదిన, సూదుల పండగ నాడు, నా పేరు చెప్పి తోఫూలో విరిగిన సూదులు గుచ్చనక్కర్లేదు.

మొరియామా తొమె


టోక్యో
1967 డిసెంబరు 9

పిన్నీ,

నువ్వు నన్ను 'మీరు' అన్నావు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. ఆ ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. ఎదురుగా ఉంటే చదువుతూనే ఉంటానని.

నేను రాసింది తప్పుగా కుట్టుకుపోయింది. నీ బదులు ఇనుము పంపాలని కాదు. నీ నొప్పి తగ్గాలని. దాన్ని విప్పి మళ్లీ వేద్దామనుకుంటే నిన్న ఇంకో తప్పు చేశాను. ఇది చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు, కాబట్టి నువ్వు చదవకపోయినా రాస్తాను.

నిన్న డిసెంబరు ఎనిమిది. వద్దన్నావు, అయినా పొద్దున్నే గుడికి వెళ్లాను, విరిగిన సూదులు కాగితంలో చుట్టుకుని. అక్కడ ఏమీ లేదు. తోఫూ లేదు, ఆడవాళ్లు లేరు. ఒక పెద్దాయన ఆకులు ఊడుస్తున్నాడు. తిరిగొచ్చి కానె గారిని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"డిసెంబరా? ఇక్కడ ఫిబ్రవరిలో కదా! మీ ఊళ్లో సూదులు అంత తొందరగా అలిసిపోతాయా అమ్మాయ్?"

నాకు తెలియదు పిన్నీ, ఊరు మారితే సూదుల పండగ కూడా మారుతుందని. కానీ అలిసిన సూదులతో, ఇంకా రెండు నెలలు ఆగండి అని ఎలా చెప్పను? ఇంట్లోనే చేశాను. కిటికీ దగ్గర పళ్లెంలో తోఫూ పెట్టాను. ఈ నెలలో మా ఇంటికి వచ్చిన విరగని తోఫూ అదొక్కటే, నేనే కొన్నాను. ఒక్కొక్క సూదినే గుచ్చి, గట్టి గుడ్డలో కష్టపడ్డావు, ఇక మెత్తని చోట పడుకో అన్నాను. నువ్వు అనే మాటలే.

అప్పుడు గోడకి వేలాడుతున్న ఆయన కోటు చూశాను. ఉతకడానికని జేబులు వెతికాను. కాగితం పొట్లంలో ఉక్కుతీగల ముక్కలు ఉన్నాయి, చివర్లు విచ్చుకుపోయి, చీపురు పుల్లల్లాగా. ఇనపచేతి వేళ్లు లాగి లాగి తెగినవి. ఇవీ మన సూదుల్లాంటివే కదా అనిపించింది. వీటికి ఎవరూ పడుకోమని చెప్పి ఉండరు. వాటినీ గుచ్చాను. అదే మాట వాటికీ చెప్పాను. వాన పడుతోంది సన్నగా, గది అంతా తెల్లగా ఉంది. ఎందుకో చాలా రోజుల తరవాత మనసు తేలికపడింది. సూదులూ తీగలూ గుచ్చిన తోఫూని మన ఊళ్లోలాగే తీసుకెళ్లి నదిలో వదిలాను.

సాయంత్రం ఆయన వచ్చాడు.

"సుజూ, కోటు జేబులో పొట్లం ఉండాలి."

"ఉంది."

"ఏదీ?"

"విశ్రాంతి తీసుకుంటోంది" అన్నాను.

ఆయన నవ్వాడు ముందు. తరవాత చెప్పాను. నవ్వు ఆగిపోయింది. అవి ఎక్కడ తెగాయో, ఎందుకు తెగాయో చూడటానికి కుసానో గారు ఏరి పెట్టినవట. ఉక్కు పరీక్ష చేసేవాళ్లకి చూపించమని ఆయన చేతికిచ్చాడట. ఆయన నన్ను తిట్టలేదు. గొడుగు తీసుకుని నది దాకా వెళ్లి, నీళ్లు చూసి వచ్చాడు. అన్నం తినలేదు. మాట రానప్పుడు తినేవాడు, నిన్న తినను కూడా లేదు.

రేపు నేనే వెళ్లి కుసానో గారికి చెబుతాను. ఏం చెప్పాలో తెలియదు. ఆయన్ని పనిలోంచి తీసేస్తే అది నా వల్లే.

నీ సుజు


టోక్యో
1967 డిసెంబరు 22

పిన్నీ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. అయినా రాస్తున్నాను. ఇది సగం కుట్టిన గుడ్డ, ఇలా వదిలేస్తే నువ్వే తిడతావు.

కుసానో గారి దగ్గరికి వెళ్లాను. వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. తలుపు తోసి, నేల మీద చేతులు ఆన్చి వంగి, అంతా చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. గదిలో ఎవరో కుర్రవాడు 'తోఫూలోనా?' అన్నాడు. ఇంకెవరో దగ్గారు.

కుసానో గారికి కోపం వచ్చింది పిన్నీ. "అది రెండు నెలల పని, నొజాకి గారి భార్యా" అన్నాడు. పేరు కూడా పెట్టలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. అటు నుంచే, "వాటితో ఏమన్నారు మీరు?" అని అడిగాడు.

చెప్పాను. గట్టి గుడ్డలో కష్టపడ్డావు, ఇక మెత్తని చోట పడుకో.

"గుడ్డ అన్నారా?"

"తోఫూలో కష్టపడ్డావు అంటే బాగుండదని."

అప్పుడు దగ్గినవాళ్లంతా నవ్వేశారు. ఆయన నవ్వలేదు కానీ ఇటు తిరిగాడు. "మా అమ్మ కూడా గుచ్చేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. నేను ఆ తోఫూ తినేస్తానని భయం ఆవిడకి" అన్నాడు. తరవాత మా ఆయన్ని పిలిచి, "కొత్త తీగలు చెయ్యి. ఈసారి తెగినవి నా బల్ల సొరుగులో పెట్టు, కోటు జేబులో కాదు" అన్నాడు. అంతే. కానీ పని వెనకపడింది, అది నిజం. ఆయన ఇప్పుడు ఆదివారాలు కూడా ఇంట్లో ఉండటం లేదు.

కొత్త తీగలు వేశాక ఇంకో కష్టం వచ్చింది. నిన్న వెళ్లి చూశాను. పిన్నీ, చెయ్యి వణుకుతోంది.

ఆ మాట నీకు రాయొచ్చో లేదో అని ఆలోచించాను. కానీ నేను కళ్లారా చూశాను. తోఫూ దాకా చక్కగా వెళ్తుంది. తీరా ఆనబోయేసరికి మొదలవుతుంది, అచ్చం నువ్వు రాసినట్టే. కాస్త ఎక్కువ వెళ్లిపోయానని అనుకుని వెనక్కి వస్తుందట. వెనక్కి ఎక్కువ వచ్చానని మళ్లీ ముందుకి. ఎంత సరిగ్గా చెయ్యాలని చూస్తే అంత వణుకుతుందని ఆయన చెప్పాడు. దానికి వయసు రాదని రాశాను కదా. వచ్చింది. పుట్టి ఏడాది కాలేదు.

నాకేం తోచిందో, వెళ్లి నా అరచెయ్యి దాని మణికట్టు కింద పెట్టాను. నేను మొదటిసారి సూది పట్టి భయపడినప్పుడు నువ్వు నా చెయ్యి కింద పెట్టేదానివే, అలాగ. పట్టుకోలేదు, ఊరికే కింద ఉంచాను. వణుకు తగ్గింది. తోఫూ మాత్రం విరిగింది. అందరూ రాసుకున్నారు, కానీ నేనేమీ కొత్తది చెప్పలేదు. దాని కింద నూనె నింపిన డబ్బా ఒకటి పెట్టి ఊపు తగ్గించాలని వాళ్లు అప్పటికే బొమ్మ గీసుకున్నారట. అయినా ఆ కాసేపు, చల్లటి ఇనుము నా అరచేతి మీద బరువు వదిలి ఆనుకుంది. నిద్రలో పిల్లల తల ఆనినట్టు.

నేను దాన్ని నీకు బదులుగా అనుకోలేదు. నా తరవాత నీ దగ్గర కూర్చోవలసిన ఇంకో పిల్ల అనుకున్నాను. ఆ మాట అప్పుడే రాయడం చేతకాలేదు.

నీ సుజు


కనజావా
1968 జనవరి 8

ఒసే సుజూ,

'మీరు' అన్నందుకు నువ్వు ఏడ్చి ఉంటావు. ఏడవాలనే రాశాను. ఇక చాలు.

ఇక్కడ మంచు నడుము దాకా ఉంది. పైన్ చెట్లకి తాళ్లు కట్టారు, అవి తెరిచిన గొడుగు చువ్వల్లా నిలబడి ఉన్నాయి. పళ్లు పక్కింటి పిల్లలకి పంచానన్నాను కదా, అబద్ధం. నేనే తిన్నాను. ఇంకొన్ని పంపు.

డిసెంబరు ఎనిమిదిన ఇక్కడ జరిగింది చెబుతాను. పిల్లలందరూ వరసగా కూర్చున్నారు. ముందు నేను గుచ్చాలి కదా. సూది తీసుకున్నాను. తోఫూ దగ్గరికి వెళ్లేసరికి చెయ్యి మొదలుపెట్టింది. ఆపాలని చూసినకొద్దీ ఎక్కువైంది. సూది గుచ్చుకోలేదు, నా వేళ్లే దిగాయి. తోఫూ రెండుగా విరిగి పళ్లెంలోంచి చాప మీద పడింది. పిల్లలందరూ నా చెయ్యి వంకే చూశారు. కళ్లు మసకన్న అబద్ధం అక్కడితో అయిపోయింది. ముసుగు కప్పుకుని పడుకున్నాను. నీ ఉత్తరాలు రెండూ వచ్చినా విప్పలేదు.

కొత్త సంవత్సరం నాడు మిత్సు వచ్చి విప్పి చదివింది, నేను వింటుంటే. తోఫూ విరిగినట్టు వచ్చినప్పుడు అది ఆగి నా వంక చూసింది. "చదవవే" అన్నాను. మగవాళ్లు రోజూ విరగ్గొట్టి, ఎవరినీ తిట్టకుండా, చారులో వేసుకుని తిని, మర్నాడు మళ్లీ మొదలుపెడతారని మొదటి ఉత్తరంలోనే రాశావు. అది నాకప్పుడు వెక్కిరింతకి పనికొచ్చింది. ఇప్పుడు వేరేగా వినపడింది. నేను ఒక్కసారి విరగ్గొట్టి బడి మూస్తానన్నాను.

ఆ తెగిన తీగల ముక్కలు నదిలో వదిలావే, అక్కడ నా కోపం పోయింది. వాటినీ పడుకోమని చెప్పావు కాబట్టి ఆ ఇనపచెయ్యి మనింటి పిల్లే. మనింటి పిల్లని నేను చూడాలి.

మీ ఊళ్లో ఫిబ్రవరిలోనట కదా సూదుల పండగ. వస్తాను. ఒకే ఏడాది రెండుసార్లు చేస్తే సూదులు వద్దంటాయా? నవోఎత్సు దాటి ఎప్పుడూ రైలెక్కలేదు. స్టేషనుకి రా. తల ఎత్తి నిలబడు, లేకపోతే నిన్ను గుర్తుపట్టలేను.

మీ పిన్ని


టోక్యో
1968 జనవరి 15

పిన్నీ,

వస్తున్నావా! కానె గారు దుప్పటి ఇస్తానంది. ఆయన ఇవాళ మూడు గిన్నెలు తిన్నాడు, ఇది సంతోషం తిండి.

ఉయెనో స్టేషనులో దిగు. ముందు దిగిపోకు. తల ఎత్తే నిలబడతాను.

సుజు


కనజావా
1968 ఫిబ్రవరి 20

సుజూ,

క్షేమంగా చేరాను. రైల్లో పక్కనున్న పెద్దమనిషి నా చెయ్యి చూసి చలిగా ఉందా అని అడిగాడు. "లేదు, టోక్యోలో దీనికి చెల్లెలు ఉంది" అన్నాను. ఆయన స్టేషను వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

నువ్వు తోఫూ కొనడానికి వెళ్లినప్పుడు ఆ ఇనపచెయ్యి ఉన్న గదిలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. నీ ఎదురుగా చెబితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, ఆ మగవాళ్లు దాన్ని కూడా గీతలు గీసుకుంటారు.

నువ్వు వెళ్లగానే కుసానోని అడిగాను. "ఇలాంటివి వచ్చాక మా పిల్లలు ఏం పని చెయ్యాలయ్యా?" అని. ఏదో పెద్దమాట చెబుతాడనుకున్నాను. ఆయన తల గోక్కున్నాడు. "తెలియదమ్మా. కొందరికి మేలు చేస్తుంది, కొందరి పని లాక్కుంటుంది. ఎవరికి ఏదో నాకు తెలియదు. అది చేతిని అడిగి లాభం లేదు, మనుషులే కూర్చుని తేల్చుకోవాలి" అన్నాడు. తెలియదన్నాడు కాబట్టి ఆ మనిషి మీద కాస్త నమ్మకం కుదిరింది. ఇంట్లో ఆవిడ తోఫూ ఎలా కోస్తుందో చూశావా అని కూడా అడిగాను. చూశాడట. అరచేతిలోనే కోస్తుందట. ఇన్నేళ్లకి!

తరవాత అల్లుడు దానికి కరెంటు ఇచ్చాడు. ఏదీ చెయ్యి ఇవ్వు అన్నాను దానితో. నా కుడిచెయ్యి దాని చేతిలో పెట్టాను. అల్లుడు కంగారుపడ్డాడు, "పిన్నిగారూ, నలిపేస్తుందేమో!" అని. "తోఫూ కంటే మెత్తనా నేను?" అన్నాను.

అది వేళ్లు ముడిచింది. వణుకుతోంది. నాదీ వణుకుతోంది. కాసేపటికి ఏది నాదో ఏది దానిదో తెలియలేదు సుజూ. ఇద్దరం కలిసి వణికాం. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నా ఎడమచెయ్యి తీసుకెళ్లి దాని మణికట్టు కింద పెట్టాను. నెమ్మదిగా, నిన్నెవరూ తరమడం లేదు అన్నాను. నీతో అన్న మాటే. అది తగ్గింది. దానితో పాటు నాదీ తగ్గింది.

నూనె డబ్బా పెడతారట కదా, పెట్టుకోనీ. నాకు వేరే సంగతి తెలిసింది. ఎడమచెయ్యి వణకడం లేదు. కుట్టడానికి అది ఎప్పుడూ పనికి రాలేదు. కింద పెట్టడానికి పనికొస్తుంది.

బడి మూయడం లేదు. మిత్సు ముందు కూర్చుని కుట్టి చూపిస్తుంది. నేను వెనక తిరుగుతూ, ఏ పిల్ల చెయ్యి బెదురుతుంటే దాని కింద నా చెయ్యి పెడతాను. నిన్న చేశాను. కొత్తగా వచ్చిన చిన్నపిల్ల, పెద్ద కళ్లది, కిందికి చూసి "వెచ్చగా ఉంది" అంది. మెడపట్టీ మిత్సుకి ఇంకా వంకరే. ఈసారి అన్నాను.

పెళ్లినాడు నువ్వు ఇచ్చిన మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. రానక్కర్లేదు. మా అమ్మ చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో నేను కాపలా కాయలేను. టోక్యోలో ఒక బల్లకి బిగించిన చోటికి కూడా పోయిందని పైకి వెళ్లాక ఆవిడకి చెబుతాను. నవ్వుతుంది.

పెర్సిమన్ పళ్లు ఈసారి పెద్దవి పంపమని కానె గారికి చెప్పు.

మీ పిన్ని


టోక్యో
1968 మార్చి 17

పిన్నీ,

ఉత్తరం చదివి ఏడ్చాను. ఇక్కడ ఎవరూ గీతలు గీయలేదు, నిశ్చింతగా ఏడ్చాను. మాట తిరిగి ఇచ్చావు, తీసుకున్నాను. కానీ ప్రతి డిసెంబరు ఎనిమిదికీ వస్తాను. ఫిబ్రవరిది ఇక్కడ, డిసెంబరుది అక్కడ.

ప్లమ్ పూలు రాలిపోయాయి. గాలికి రేకులు మా కిటికీ లోపలికి వచ్చి చాప మీద పడుతున్నాయి. ఊడవబుద్ధి కాలేదు. మళ్లీ ఆ చేతుల కల వచ్చింది. ఈసారి అవి మంచు మీద కాదు, ఏదో పొడుగాటి ఇంట్లో మంచాల మధ్య నడుస్తున్నాయి. మంచాల మీద ఎవరెవరో పడుకుని ఉన్నారు, అందులో ముసలిదాన్నైన నేనూ ఉన్నాను. ఒక చెయ్యి వచ్చి నా తల కింద మెల్లగా దూరింది. చల్లగా ఉంటుందనుకుని కళ్లు మూసుకున్నాను. నెమ్మదిగా, నిన్నెవరూ తరమడం లేదు అని ఎవరో అన్నారు. నీ గొంతే.

ఇవాళ సర్కారు పెద్దలు వచ్చే రోజు. నేను వెళ్లలేదు, భయం వేసింది. పొద్దున్నుంచీ ఏ పనీ చెయ్యలేదు. సాయంత్రం నీళ్లు పెట్టాను, మిసో కలిపాను, ఆయన గిన్నె తెస్తాడని చూస్తూ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. గిన్నె చేతిలోనే ఉంది. లోపల చూశాను. కడిగినట్టు ఖాళీగా ఉంది.

ఆయన గిన్నె బోర్లించి చూపించి నవ్వాడు. కూర్చుని తిన్నాం. ఇవాళ మా చారులో తోఫూ లేదు పిన్నీ.

నీ సుజు